తెల్లరంగు పడకముందే

"ఆ బ్రష్షు కింద పెట్టు దేనెష్! ఒక్క చుక్క కూడా పడనివ్వకు!"

ఎమెషె అరుపుకు షెడ్డులో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. ఆమె విల్మ సైకిలు మీదికి ఒంగి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే, విరిగిన ఫోర్కును రెండు చేతులతో కప్పేసింది. దేనెష్ పట్టుకున్న బ్రష్షు నుంచి తెల్లరంగు జారి అతని బూటు మీద పడింది.

బయట పెరట్లో నలభై సైకిళ్ళు సిద్ధంగా ఉన్నాయి. నవంబరు మంచు, దానికి తోడు సన్నటి తుంపర. మూడింటికి అందరూ ఊరేగింపుగా తిస నది కరకట్ట మీదికి వెళ్ళాలి. దారిలో పోయిన సైకిలువాళ్ళకు గుర్తుగా చేసే ఆనవాయితీ ప్రకారం, విల్మ చనిపోయిన చోట ఆమె సైకిలును తెల్లగా చేసి స్తంభానికి గొలుసుతో కట్టాలి. టైము రెండుంబావు.

"ఏంటే నీ గోల?" అంది బోబె. పాతికేళ్ళుగా సైకిలు మీద ఉత్తరాలు పంచుతున్న మనిషి, గొంతు పెద్దది. "నీ తమ్ముడు విల్మను వ్యాను కింద తొక్కేశాడు. ఇప్పుడు నువ్వొచ్చి ఆమె సైకిలు మీద పడి నాటకాలాడుతున్నావా? ఆ మొగుడి మొహమైనా చూడవేం?"

దేనెష్ విల్మ భర్త. తొమ్మిది రోజులుగా గడ్డం గీసుకోలేదు. బ్రష్షును డబ్బా అంచున ఆనించాడు.

ఈ తొమ్మిది రోజులూ ఎమెషె పొద్దున్నే ఆరు కిలోమీటర్లు కరకట్ట మీద తొక్కుకుంటూ మిరపపొడి మిల్లుకు వెళ్ళింది, సాయంత్రం మళ్ళీ అలాగే వచ్చింది. కరకట్ట మీద ఎదురైనవాళ్ళు గంట కొట్టి పలకరించడం ఈ ఊళ్ళో తాతల నాటి అలవాటు. ఆమెకు ఒక్కరూ గంట కొట్టలేదు. ఆమె కొట్టినా తల తిప్పుకుని పోయారు.

తమ్ముడు ఆకోష్ రొట్టెల వ్యాను నడుపుతాడు. ఆ పొద్దున మంచులో అతని బంపరు కింద విల్మ సైకిలు ఇరుక్కుని ఉండగా జనం చూశారు. ఇంకేం చూడాలి? రేపు తొమ్మిదింటికి జడ్జి ముందు నిలబెడతారు. అక్కడి నుంచి నేరుగా జైలుకే. లాకప్పులో అతను అన్నది ఒక్కటే మాట. "అక్కా, నేను గుద్దలేదు. ఆవిడ నా ముందు తనంతట తనే పడిపోయింది. బ్రేకు తొక్కాను, ఆగలేదు."

ఎమెషె తల ఊపింది కానీ నమ్మలేదు. తోడబుట్టినవాణ్ణి తనే నమ్మలేదు.

"ఫెరి బాబాయ్, కళ్ళజోడు పెట్టుకుని ఒక్కసారి ఇటు రా" అంది.

ఫెరి డెబ్బై ఏళ్ళవాడు. సైకిలు సంఘం పెద్ద, ఊళ్ళో సగం సైకిళ్ళకు డాక్టరు. "రా, నలుగురిలో కనబడు, దాక్కుంటే తప్పు చేసినదానిలా ఉంటుంది" అని ఎమెషెను పిలిచింది అతనే. ఉప్పుకాగితం చేతికిచ్చి పాత రంగు గీకమన్నదీ అతనే; గీకుతుండగానే విరిగిన చోట ఏదో పచ్చగా మెరవడం ఆమె చూసింది. పోలీసులు ఫోటోలు తీసుకుని సైకిలు తిరిగి ఇచ్చేశారు. అది నిలబడేలా అతనే విరిగిన ఫోర్కును తీగతో కట్టాడు.

"తీగ విప్పు బాబాయ్. విరిగిన చోట లోపల చూడు."

ఫెరి విప్పాడు. కిటికీ వెలుతురులోకి తిప్పాడు. గోటితో గీకి చూశాడు.

"ఏముందక్కడ?" అంది బోబె.

"ఇత్తడి" అన్నాడు ఫెరి నెమ్మదిగా. "పైనే కాదు, విరిగిన అంచు లోపలికి కూడా దిగింది. అంటే ఇది ఎప్పుడో పగిలింది. పగుల్లో ఇత్తడి పోసి అతికి, పైన రంగు పూశారు. అతుకు విడిపోయింది. చక్రం ఊడి పక్కకు పోతే మనిషి ముందుకు పడక ఏం చేస్తుంది?"

షెడ్డులో ఎవరో దగ్గారు. ఆకోష్ నిజమే చెప్పాడు.

"గంటలో దీన్ని తెల్లగా పూసి గొలుసు వేసేసేవాళ్ళం" అంది. "నా తమ్ముడి తరఫున ఉన్న ఒకే ఒక్క సాక్షిని మనమే దండలేసి పూడ్చిపెట్టేవాళ్ళం."

బోబె గొంతు మారింది, కానీ తగ్గలేదు. "అయితే అతికిందెవరు? వేసవిలో విల్మ నాతోనే అంది, ఫోర్కు పగిలితే ఫెరి బాబాయ్ బాగుచేశాడని. ఏం బాబాయ్? కళ్ళు కనబడనప్పుడు పని మానెయ్యొచ్చుగా!"

అందరి కళ్ళూ ముసలాయన మీదికి తిరిగాయి. ఒక్క క్షణంలో ఆ పెద్దరికమంతా మంచులా కరిగిపోయింది. ఫెరి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"తెచ్చింది, నిజమే. ఇది వాళ్ళ నాన్న తొక్కిన సైకిలు. నేను పట్టుకోనన్నాను. ఈ ఫోర్కు పనైపోయింది, పారెయ్యి తల్లీ, అన్నాను. ఏడుస్తూ తీసుకెళ్ళిపోయింది. కొత్తది వేయించుకుందనుకున్నాను, మళ్ళీ ఎవరితో అతికించిందో నాకేం తెలుసు?"

"తెలీదట!" అన్నారు వెనక నుంచి ఎవరో.

ఎమెషెకు అక్కడితో ఆపేయాలనిపించింది. ఎవరు చేస్తే తనకేం? ఆకోష్ బయటపడతాడు. కానీ చేసిందెవరో తేలకపోతే రేపు జడ్జి ఈ ఇనపముక్కను నమ్ముతాడా? వ్యాను గుద్దాక అక్కే ఏదో చేసిందనరా? పైగా నింద ముసలాయన మీద పడింది. తొమ్మిది రోజుల్లో ఆమెను లోపలికి రమ్మన్నది ఆ ఒక్క మనిషే.

ఆమె అతుకును మళ్ళీ చూసింది. ఇత్తడి గొట్టం చుట్టూ ఉంగరంలా, నీటుగా, ఒకే మందంలో ఉంది.

"బాబాయ్, సైకిలు పనివాళ్ళు ఇలా అతుకుతారా?"

"ఎవడూ అతకడు. ఇది నీళ్ళ గొట్టాలకు వేసే అతుకు. కారకుండా ఉంటుంది. బరువు మోయదు."

ఈ ఊళ్ళో చలికాలం ఇళ్ళు వెచ్చబడాలంటే వేణ్ణీళ్ళ గొట్టాలు బిగించడానికి అందరూ పిలిచేది ఒక్కడినే. వాళ్ళ గోడల్లో అతని అతుకులే ఉన్నాయి.

ఎమెషె దేనెష్ ముందుకు వెళ్ళి నిలబడింది.

"ఎప్పుడూ తుక్కు సైకిలుకే రంగు వేస్తాం కదా. ఈసారి విల్మ సైకిలే కావాలని ఎవరడిగారు?"

"ఏయ్, భార్య పోయినవాడే వాడు!" అంది బోబె. "ఆ మాటలేంటి?"

"నా తమ్ముడికి ఇరవై నాలుగేళ్ళు వదినా. వాడూ మనిషే." ఎమెషె మళ్ళీ అతని వైపు తిరిగింది. "దేనెష్, నీ దుఃఖం మీద చెయ్యి వేస్తున్నాను, నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. ఎవరు అతికారు?"

దేనెష్ వంగి తన బూటు మీది తెల్ల మరకను బొటనవేలితో రుద్దాడు.

"రాత్రంతా ఏడ్చింది" అన్నాడు. "నాన్న సైకిలు, నాన్న సైకిలు అని. ఓస్ ఇంతేగా, రోజుకు పది గొట్టాలు అతుకుతాను, అనుకున్నాను. నేను చేశానంటే ఎక్కదని, ఫెరిని ఒప్పించి చేయించానని చెప్పాను. ఎంత సంతోషించిందో! ఆ పొద్దున కూడా గంట కొట్టి వెళ్ళింది."

"మరి ఆ కుర్రాడు లోపలుంటే తొమ్మిది రోజులు ఎలా కూర్చున్నావురా?" అన్నాడు ఫెరి.

"వ్యానే గుద్దిందని నాకు నేను చెప్పుకున్నాను. రోజూ చెప్పుకున్నాను. రంగు వేసేస్తే నిజమే అయిపోతుందనుకున్నాను."

బోబె మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది. బయట తుంపర వానగా మారింది. పెరట్లో జనం విషయం తెలియక, ఆలస్యమవుతోందని గంటలు కొడుతున్నారు.

ఎమెషె ఫోను తీసి పోలీసులకు కలిపింది. జరిగింది రెండు మాటల్లో చెప్పింది. అవతలి మనిషి విసుగ్గా, "సరే, ఆ అతుకు వేసిందెవరు? పేరు చెప్పండి" అన్నాడు.

ఆమె దేనెష్ వైపు చూసింది. దేనెష్ చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు. నోటికి దగ్గరగా పెట్టుకుని, ఊరంతా వినాలన్నట్టు గట్టిగా చెప్పాడు.

"సబాది దేనెష్. ఆవిడ భర్త."