కుట్లున్నోళ్లకు నీళ్లు

కుక్కల బండివాళ్లారా, మిమ్మల్నే. ఎక్కడో పట్టిన కుక్కను కోసి, కుట్లు వేసి, మరునాడే తెచ్చి సుబేదారిలో మీ దారిలో పడ్డ గల్లీలో దించిపోయారు. ఎట్లా చూసుకోవాలో ఒక్క మనిషికి చెప్పారా? బండి తలుపు వేసుకునే తీరిక దొరికింది, నోరు తెరిచే తీరిక దొరకలేదు.

మీరు ఎగ్గొట్టిన పని ఆ గల్లీలో ఉండే సమ్మమ్మ మీద పడింది.

పొద్దున్నే ఆమె పాత చీర చింపి ఆ నల్లకుక్క నడుముకు బిగించి కడుతున్నది. టిఫిన్ సెంటర్‌లో గిన్నెలు తోమే మనిషి. సబ్బునీళ్లకు వేళ్ల సందులు ఒరిసి, తెల్లగా పాలిపోయాయి. ఆ వేళ్లతోనే గొరిగిన పొట్టను, దాని మధ్య కుట్లను మెల్లగా తడిమి చూసింది. ఎడమ చెవి కొసన చిన్న ముక్క లేదు. అదెందుకు కోశారో అంతుపట్టలేదు.

పక్కింటి లిదియా గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏందక్కా, బాలింతకు కట్టినట్టు నడికట్టు కడ్తానవ్?"

"పిల్లలు గాకుండ ఆపరేషన్ చేసిండ్రే దీనికి. చెవి గూడ కోసిండ్రు సూడు."

"అది గుర్తంట. మళ్ల పట్టుకపోకుండ. మనకు చెవులు కొయ్యలే, నయం."

సమ్మమ్మ నవ్వింది. "మనకు గొట్టాలు ముడేసిండ్రు. దీనికేం తీసిండ్రో?"

"పిల్లల సంచి మొత్తం తీస్తరంట."

"మరి దానికి ఎర్కయితదా?"

"అడుగు, చెప్తదేమో."

సమ్మమ్మ కుక్కను అరుగు గుంజకు తాడుతో కట్టి, దాని ముందు గట్టి అన్నం పెట్టింది. నీళ్లు మాత్రం పెట్టలేదు. కుట్లున్నోళ్లు నీళ్లు తాగితే చీము పడుతుంది. చిన్నప్పటి నుంచి విన్నమాట. ఈ కుక్క బతకాలంటే నాలుగు రోజులు దాని నోరు కట్టాల్సిందే అనుకుని పనికి పోయింది.

పనిలో ఉన్నంతసేపూ ఒకటే యోచన. ఏ గల్లీది ఇది? ఎవరి ఇంటి ముందు పడుకునేది? ప్లేట్లు తీస్తూ వచ్చినవాళ్లనల్లా అడిగింది.

"నల్లది, ముంగటి కాలు తెల్లగుంటది. మీ దిక్కుదా అన్నా?"

"ఆధార్ కార్డు సూడకపోయినవ్ అక్కా," అన్నాడు ఒకాయన, దోసె తుంచుతూ.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. కుక్క తాడు తెగేటట్టు గుంజుకుని, బట్టలుతికే బండ అంచున మిగిలిన తడిని నాకుతున్నది. ఎండిన నాలుక రాతి మీద గరగరలాడుతున్నది.

సమ్మమ్మ అక్కడే నిలబడిపోయింది.

రెండో కాన్పు తర్వాత ఆమెనూ ఆపరేషన్ల క్యాంపులో టెంటు కింద వరసలో పడుకోబెట్టి కోశారు. సాయంత్రం ట్రాలీ ఆటోలో ఎక్కించి ధర్మసాగర్ పక్కన వాళ్ల ఊరికి పంపారు. అత్త చుక్క నీళ్లు పోయలేదు. అత్త వరినాటుకు పోయిన ఒక మధ్యాహ్నం కుట్లు అదిమిపట్టుకుని కొట్టంలోకి పాకింది. బర్రె కుడితి గోలెంలో మూతి పెట్టి తాగింది. ఎవరికీ చెప్పలేదు. చీము పట్టలేదు. అది తన అదృష్టమని ఇన్నేళ్లూ నమ్మింది.

అదృష్టమేనా? నీళ్లు వద్దన్నది ఎవరు, డాక్టరా, అత్తా? డాక్టరు ఏమీ చెప్పలేదు. కోసినవాళ్లు చెప్పనిచోట అత్త చెప్పిందే వైద్యం అయింది. ఇవాళ ఈ కుక్కకు తనే అత్త అయింది.

సత్తుగిన్నె నిండా నీళ్లు పోసి కుక్క ముందు పెట్టింది.

"తాగు బిడ్డా. నాకేం గాలే. నీకేమైతదో సూద్దాం."

కుక్క ఆగకుండా తాగింది. దాని గొంతు కదలడాన్నే చూస్తూ కూర్చున్నది సమ్మమ్మ. నడికట్టు విప్పేసింది. పొద్దు గూకేదాకా మాటిమాటికీ వంగి కుట్లు చూసింది. ఎక్కడా చీము లేదు. దీపాల వేళకు అన్నం కూడా తిన్నది.

కుట్లు మానాక ఒక పొద్దున తాడు విప్పింది. కుక్క గల్లీ చివర నిలబడి గాలి వాసన చూసి, రోడ్డు దాటి పోయింది. వెనక్కి చూడలేదు. ఎక్కడికి పోవాలో దానికి తెలుసు. మీకే తెలియదు.

ఇకనైనా పట్టినచోటే దించండి. గాయం మానేదాకా మీ దగ్గరే ఉంచండి. కత్తి పట్టిన ప్రతివాడూ, ముందున్నది ఆడమనిషైనా ఆడకుక్కైనా, ఏం చేశాడో, ఏం పెట్టాలో చెప్పి పోవాలి.

అరుగు మీద సత్తుగిన్నె. అడుగున మిగిలిన నీళ్లలో రెండు నల్లని వెంట్రుకలు.