నీసు కంపు లేని చొక్కా

వాడలో అందరి జాకెట్లూ కుట్టే టైలరమ్మకు ఆ ఉదయం మొగుడి యూనిఫాం చొక్కా ఉతకబోతుంటే ఒళ్లు మండింది. చొక్కా మురికిగా ఉన్నందుకు కాదు, శుభ్రంగా ఉన్నందుకు.

ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో ఆపరేటరు. పొగగొట్టంలోంచి పోయే కార్బన్ డయాక్సైడును ఒక ద్రావణంలో పట్టి, మళ్లీ వేడిచేసి విడదీసి, గొట్టాల్లో భూమి అడుగుకు పంపే కొత్త యంత్రం ఆయన చేతి కిందే ఉంది. అది నడిచినప్పుడల్లా ఆ ద్రావణం అంటి బట్టలు చేపలబుట్టలా నీసు కంపు కొట్టేవి. నెల రోజులుగా ఆ కంపు లేదని ఆ పూటే ఆమెకు తట్టింది.

"యంత్రం ఆపేశారా?" అని నిలదీసింది.

"దానికి బోలెడంత ఆవిరి కావాలి. బొగ్గు దండగని మేనేజరు ఆపించాడు. ఫ్యాక్టరీలో కొత్తగా కట్టబోయే రెండో సిమెంటు బట్టీకి మీ వాడంతా ఒప్పుకోగానే మళ్లీ నడుపుతారులే."

"అని ఎవరన్నారు?"

"మేనేజరే."

"ఆపించినవాడేగా!"

ఇలాంటి పొగల వల్లే ఎండలు ముదిరి ముసలివాళ్లు పిట్టల్లా రాలిపోతున్నారు, రెండో బట్టీ వద్దే వద్దని వాడంతా ఒక్కమాట మీద నిలబడితే, "పొగను పట్టే యంత్రం మా ఆయనే నడుపుతున్నాడు, నన్ను నమ్మండి" అని గడప గడపకూ తిరిగి మెత్తబరిచింది ఈ మహాతల్లే. కొలతల టేపు మెడలో వేసుకుని మరీ తిరిగింది. ఇక సాయంత్రం సభలో చేతులెత్తడమే తరువాయి.

"సభలో నిజం చెప్పు."

"ఉద్యోగం ఊడుతుందే."

"అయితే నోరు మూసుకుని కూర్చో. అబద్ధం మాత్రం ఆడకు."

సరేనన్నాడు.

సాయంత్రం హాలు కిక్కిరిసింది. ఇస్త్రీ నలగని చొక్కాలో వచ్చిన మేనేజరు చిరునవ్వుతో, "నా మాటెందుకు, మీ మనిషినే అడగండి" అని ఆపరేటరును లేపాడు.

"భేషుగ్గా నడుస్తోందండీ," అన్నాడాయన, పెళ్లాం కూర్చున్న వైపు తప్ప అన్ని వైపులా చూస్తూ.

ఆమె దిగ్గున లేచింది. "పచ్చి అబద్ధం! నెల్లాళ్లుగా ఆగిపోయుంది."

"మొగుడూ పెళ్లాల గొడవలు ఇంట్లో చూసుకోండమ్మా," అన్నాడు మేనేజరు.

"అయితే పదండి సార్, అందరం ఇప్పుడే వెళ్లి యంత్రం చూద్దాం."

మేనేజరు నవ్వు మాయమైంది. భద్రత, నిబంధనలు అంటూ ఏదో గొణిగాడు. ఆ గొణుగుడుతోనే హాలుకంతా విషయం అర్థమైపోయింది.

పక్కింటి వదిన మాత్రం ఆమె మీదే విరుచుకుపడింది. "మరి ఆవేళ మా గుమ్మంలో నిలబడి చెప్పిందేంటే? సిగ్గు లేదూ?"

"తప్పే వదినా. ఆయన్ని నమ్మి చెప్పాను. ఎంత తిట్టాలనుంటే అంత తర్వాత తిట్టు, చెయ్యి మాత్రం ఎత్తకు."

రెండో బట్టీకి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు మేనేజరు. వదిన చేతులు కట్టుకుంది. ఎవరూ ఎత్తలేదు. ఆఖరికి ముందు వరసలో ఒక్క చెయ్యి లేచింది. అది ఆమె మొగుడిది.

ఆమె విసవిసా వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగేసింది. ఆయన మేనేజరు వంక చూసి మళ్లీ ఎత్తాడు.