తలుపు సంగతి

పిన్ని ఉద్యోగం సబ్బులకూ కుక్కర్లకూ ప్రకటనలు రాయడం. సొట్టబోయిన గిన్నెనైనా కళ్ళకద్దుకుని కొనుక్కునేలా చేయగల మాటకారి. అలాంటి మనిషి ఇంట్లో ఉండగా, అక్క కూతురు కాలేజీ దరఖాస్తు వ్యాసానికి బెంగపడటమేమిటి? బుల్లికి ఆ ఆర్కిటెక్చర్ కాలేజీ అంటే ప్రాణం. సీట్లు చూస్తే గుప్పెడు, అడిగేవాళ్ళు కోకొల్లలు.

మీరు కట్టిన ఏదైనా ఒకదాని గురించి రాయమన్నారు. చక్రాల కుర్చీలో తిరిగే అమ్మమ్మ కోసం బుల్లి గుమ్మం మెట్ల మీద చెక్కలతో ర్యాంపు కట్టింది. దాని మీద పిన్ని ఒక్క పూటలో వ్యాసం దంచేసింది. అమ్మమ్మ గడప దాటిందట, ఆకాశం చూసిందట, కన్నీళ్ళు పెట్టుకుందట. చదివితే రాయైనా కరగాలి.

బుల్లి చదివి కాగితం బల్ల మీద పెట్టింది.

"బాగుంది పిన్నీ. దీనికి సీటిస్తే మాత్రం క్లాసులకి నువ్వే వెళ్ళాలి."

"ఏం, అబద్ధం రాశానా?"

"తలుపు సంగతేదీ మరి?"

పిన్ని నాలుక కరుచుకుంది. కొలతలన్నీ పద్ధతిగా తీసిన పిల్ల, తలుపు బయటికి తెరుచుకుంటుందన్న సంగతే మరిచిపోయింది. గడప ఎత్తుకి ర్యాంపు బిగించాక తలుపు కదిలితే ఒట్టు. అమ్మమ్మ లోపల, బుల్లి బయట. కిటికీలోంచి అమ్మమ్మ నవ్విన నవ్వుకి వీధంతా పోగైంది.

"అది రాస్తే ఎవరైనా సీటిస్తారటే?"

"ఏమో. కానీ అప్పట్నుంచే కదా, ఏ గదిలోకెళ్ళినా ముందు తలుపు ఎటు తెరుచుకుంటుందో చూస్తున్నాను. అది లేకపోతే నేను రాసినట్టెలా అవుతుంది?"

బుల్లి తనే రాసింది. తలుపూ, అమ్మమ్మ నవ్వూ, ఊడదీసి మళ్ళీ కట్టిన ర్యాంపూ, అన్నీ ఉన్నదున్నట్టు. రెండు మంచి మాటలు తగిలిద్దామని పిన్ని చెయ్యి దురదపెట్టింది. అయినా చేతులు కట్టుకుని కూర్చుంది. అంతకన్నా కష్టమైన పని ఆమె జన్మలో చెయ్యలేదు.

కొన్ని వారాలకి జవాబొచ్చింది. వెయిటింగ్ లిస్టు. సీటు రావచ్చు, రాకపోవచ్చు. పిన్ని భగ్గుమంది.

"నేను రాసింది పంపుంటే ఈపాటికి సీటు చేతిలో ఉండేది."

"ఉండేదేమో," అంది బుల్లి. "ఇప్పుడు వరుసలో నించున్నది మాత్రం నేనే కదా పిన్నీ."

మర్నాడు పిన్ని ఆఫీసులో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, తమ పిల్ల వెయిటింగ్ లిస్టులో ఉందని ఫస్టు ర్యాంకు వచ్చినంత గర్వంగా చెప్పుకుంది. పక్క బల్ల ఆవిడ అయ్యో పాపం అంది.

"పాపమేంటండీ," అంది పిన్ని. "అది రాసిన వ్యాసంలో నా మాట ఒక్కటి కూడా లేదు."