గోడ పక్కన పదకొండు వ్యాన్లు

మూడోసారి పాక పీకిన రోజు జ్ఞానసుందరి పొయ్యి మీద గంజి కాగుతోంది.

నేనక్కడే ఉన్నాను. జేసీబీ పంజా తాటికమ్మల మీద పడబోతుండగా డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. తువ్వాలు చుట్టి గంజికుండ దించాడు. రోడ్డు పక్క నీడలో జాగ్రత్తగా పెట్టాడు. మళ్ళీ ఎక్కి పాకని నేలమట్టం చేశాడు. అతనూ రోజుకూలీయే. ఆ పూట అతని చేతిలో ఉన్న దయ ఆ కుండ మేరకే.

కాంట్రాక్టరు జగన్నాధం గొడుగు కింద నిలబడి ఉన్నాడు.

"రోడ్డు మార్జిన్లో గుంజ పాతితే ఆక్రమణే. ఎన్నిసార్లు సెప్పాలి మీకు?"

"మా ఇంటి పునాది నీ గోడకి అటేపున్నాది బాబూ," అంది జ్ఞానసుందరి. "అక్కడికెల్లి పాతుకోమంటావేటి?"

గోడ మీద మేస్త్రీలు పని ఆపి చూశారు. జగన్నాధం వాళ్ళవైపు తల తిప్పగానే తాపీలు మళ్ళీ కదిలాయి.

ఆ గోడ లోపల ఉన్నది మా ఊరు. గుమ్మవలస. ఒక వీధిలో వరి, చోడి, గోగు పండించుకునే రైతులు. ఇంకో వీధిలో మిషనరీల కాలం నుంచి బాప్టిస్టులైన కూలీ కుటుంబాలు. గిడ్డంగుల పార్కు కోసం రెండేళ్ళ కిందట రెండు వీధులూ ఖాళీ చేయించారు. నాలుగు నెలల్లో పునరావాస కాలనీ కట్టి ఇస్తామన్నారు. కాలనీ రాలేదు, దాని శిలాఫలకం మాత్రం వచ్చింది. సగం మంది విజయవాడ, చెన్నై పనులకి చెదిరిపోయారు. ఇరవై రెండు కుటుంబాలం మిగిలాం.

టౌన్లో అద్దె ఇళ్ళకి తిరిగాం. జ్ఞానసుందరి వాళ్ళని ఎవరి తాలూకు అని అడిగి, గది నిన్ననే ఇచ్చేశామన్నారు. నన్ను ఎంతమంది ఉంటారు అని అడిగారు. నేనొక్కణ్ణే అన్నాను. మా ఆవిడ పోయి ఆరేళ్ళు. ఒంటి మగవాడికి ఇల్లివ్వం అన్నారు. ఇరవై ఏడేళ్ళు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పాను. ఆ వీధిలో నా దగ్గర చదివినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు తలుపు తీయలేదు. తీసి ఉంటే వాళ్ళకే కష్టమయ్యేదేమో.

పాక పీకిన నాలుగో రోజు ఎజ్రా ఒక పసుపు వ్యాను ఈడ్చుకొచ్చాడు. ఎజ్రా జ్ఞానసుందరి కొడుకు, హైవే మీద షెడ్డులో మెకానిక్కు. ఫిట్‌నెస్ పోయిన స్కూలు వ్యాను అది. సీట్లు పీకేసి ఉంది. వెనకాల 'పిల్లలున్నారు, నెమ్మదిగా పోవలెను' అన్న అక్షరాలు ఇంకా చెరగలేదు.

"నేల మీద గుంజ పాతితే ఆక్రమణంట. సెక్రాల మీదుంటే ఏటంటాడో సూద్దాం మేస్టారూ," అన్నాడు.

అలా ఒకటొకటిగా పదకొండు వచ్చాయి. వ్యానుకి రెండు కుటుంబాలు, మధ్యలో ఒక చీర. పగలు రేకు కాలి లోపల కూర్చోలేం. వానొస్తే కిటికీ సందుల్లోంచి పక్కబట్టలు తడుస్తాయి. కానీ జేసీబీ రాలేదు. ఎవడూ పీకలేనిది ఒకటి దొరికిందని మేం సంబరపడ్డాం.

అప్పుడు మోహనకృష్ణ వచ్చాడు.

విశాఖపట్నం కుర్రవాడు. అతనికీ ఒక వ్యానుంది. అందులో మంచం, గ్యాసుపొయ్యి, కప్పు మీద సోలారు పలక. ఊరూరా తిరుగుతూ వ్యానులోనే ఉంటూ వీడియోలు తీస్తాడట. చెడ్డవాడు కాదు. పిల్లలకి రెండు సోలారు దీపాలిచ్చాడు. మాతోపాటు గంజి తాగాడు. తాగి, ఫోను పట్టుకుని, నవ్వుతూ అందరినీ ఒకటే అడిగాడు. "మీరు వ్యానులో ఎందుకుంటున్నారు?"

ఆ ఆదివారం జ్ఞానసుందరి వ్యానులో ప్రార్థన కూటం. వాళ్ళ కూటానికి ఒక వరస ఉంటుంది. ముందు కృతజ్ఞత చెప్పాలి. అది అయ్యాకే ప్రార్థనాంశాలు, అంటే కష్టాలు. ఉన్నదానికి వందనం చెప్పకుండా లేనిది అడగడం వాళ్ళ ఇంటా వంటా లేదు. జ్ఞానసుందరి లేచి నిలబడి కళ్ళు మూసుకుంది.

"ఎండలో నీడిచ్చినావు తండ్రీ. వానలో కప్పిచ్చినావు. ఈ బండి నువ్విచ్చిన ఇల్లు. మాకేటీ కొదవ నేదు. సంతోషంగా ఉన్నాం."

తర్వాత అరగంట ప్రార్థనాంశాలు సాగాయి. కాలనీ రావాలని, పక్క వ్యాను శాంతి కూతురికి జ్వరం తగ్గాలని, చక్రాల కింద దూరిన పాము పోవాలని. వెలుతురు తగ్గుతోందని మోహనకృష్ణ అప్పటికే ఫోను జేబులో పెట్టుకుని బయటికి వచ్చేశాడు.

ఇరవై రోజుల తర్వాత మమ్మల్ని మండలాఫీసుకి పిలిచారు. భూసేకరణ మేడం బల్ల వెనక కూర్చుంది. జగన్నాధం పక్క కుర్చీలో ఉన్నాడు. మేడం ఫోను మైకు దగ్గర పెట్టింది. హాలంతా జ్ఞానసుందరి గొంతు వినిపించింది. మాకేటీ కొదవ నేదు. సంతోషంగా ఉన్నాం.

ఆ వీడియో పేరు 'గోడలు వద్దనుకున్న పల్లె: వ్యానులోనే ఉండిపోవడానికి అయిదు కారణాలు'. లక్షల మంది చూశారట.

"మీ నోటితో మీరే చెప్పారు కదమ్మా," అంది మేడం. గొంతు కటువుగా లేదు. "ఇష్టపడి సంచార జీవితం ఎంచుకున్నవాళ్ళకి పునరావాసం వర్తించదు. నిర్వాసితుల జాబితాలోంచి ఇరవై రెండు పేర్లూ తీసేస్తున్నాం. మూడు రోజుల్లో వాహనాలు తరలించాలి. వాహనమంటే కదిలేదే కదా."

జ్ఞానసుందరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ ఫోను వంకే చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం వ్యాన్ల మధ్య అందరం కూర్చున్నాం. ముందు అప్పలసూరి లేచాడు. మూడెకరాల గోగుచేను గోడ లోపల పోయినవాడు. మాట సూటిగా ఉంటుంది.

"నీ దేవుడికి నువ్వు దండమెట్టుకో అప్పా, కాదన్నదెవలు? ఫోను ముందరెట్టుకోవాలా? ఊరంతటినీ ముంచీసినావు."

"మా అమ్మనంటావేటి మావా," ఎజ్రా లేచాడు. "నువ్వేటి సెప్పినావు ఆడికి? గాలి బాగా వస్తాది, హాయిగా ఉన్నాది అన్లేదా? ఆ అయిదింట్లో మూడోది నీదే."

ఎవరో నవ్వారు. అప్పలసూరి మొహం మాడ్చుకున్నాడు.

"మరి ఊరు కాని ఊరోడు మన గంజి తాగి అడిగితే, సచ్చిపోతన్నాం నాయినా అని సెప్తామేటి?"

నేను తల దించుకున్నాను. రెండోది నాది. పుస్తకం చదువుకోడానికి ప్రశాంతంగా ఉంటుందని చెప్పాను. అతిథి ముందు లేమి పరచడం నాకూ చేతకాలేదు.

జ్ఞానసుందరి అప్పుడు మాట్లాడింది.

"అయిదూ మనమే ఇచ్చినాం. ఆ కుర్రోడేటీ కల్పించలేదు. నేను అబద్ధమాడలేదు సూరీ. నీడిచ్చినాడని దేవుడికి సెప్పినాను. అది దేవుడితో మాట. దాన్నొట్టుకెల్లి గవర్నమెంటు తన లెక్కలో రాసుకున్నాది. మనం రెండో సగం సెప్పలేదు. దేవుడి కాడే సెప్పి ఊరుకున్నాం. ఇప్పుడు ఆలకి సెప్దాం. ఒక్కొక్కలూ, ఎవల నోటితో ఆలే."

ఎవరూ కదల్లేదు. కష్టం చెప్పుకోవడం కూడా నేర్చుకోవలసిన పనే. సిగ్గు అన్నది పేదవాడి నోటికి వేసిన తాళం, దాన్ని వేసింది మనం కాదు. చదువుకుంటున్నవాళ్ళూ పనిచేస్తున్నవాళ్ళూ ఎవరు దీన్ని చదివినా ఆ ఒక్క మాట గుర్తుంచుకోవాలని నా కోరిక.

చివరికి అప్పలసూరి భార్య చిన్నతల్లి లేచింది. మగవాళ్ళ మధ్య ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"నేను పొద్దున్నుంచి మాపటిదాకా నీళ్ళు తాగను," అంది. "తాగితే ఎక్కడికెల్లాల? రోడ్డు మీద లారీలు. గోడ మీద మేస్త్రీలు. ఈ పదకొండు బళ్ళలో ఆడదేదీ పగలు నీళ్ళు తాగదు. సూడండి, అడగండి."

ఎవరూ అడగలేదు. ఆడవాళ్ళు నేల చూశారు. అప్పలసూరి భార్య వైపు తిరిగాడు.

"నాకు సెప్పలేదేటే?"

"నువ్వు గాలి బాగుందన్నావు కదా."

ఆ తర్వాత అందరూ మాట్లాడారు. రేకు వేడికి తల్లిపాలు ఎండిపోయిన మాట, బడిలో పిల్లలకి 'వ్యానోళ్ళు' అని పేరు పడ్డ మాట. నేను కాగితం మీద రాశాను. ఇరవై రెండు కుటుంబాల కారణాలు. ఒక్కదానిలోనూ ఇష్టం అన్న మాట రాలేదు.

ఎజ్రా లేచి జాకీ తెచ్చాడు.

"బండి కాబట్టి తొయ్యొచ్చంటన్నాది మేడం. బండి కాకుండా సేసీద్దాం."

మర్నాడు చీకటి పడేలోపే పదకొండు వ్యాన్ల చక్రాలూ ఊడదీశాం. ఇటుకలు పేర్చి వ్యాన్లు వాటి మీద దించాం. ఆ ఇటుకలు గోడ పని దగ్గరివి. అక్కడ తట్ట మోసే నీలవేణి చూసింది. చూసి, విరిగిన ఇటుకల గుట్ట ఎటు ఉందో చేత్తో చూపించి వెళ్ళిపోయింది.

మూడో రోజు పొద్దున్న రెండు క్రేన్లు, మూడు పోలీసు వ్యాన్లు వచ్చాయి. ఆడవాళ్ళు టైర్లని వ్యాన్ల ముందు వరసగా పరిచి వాటి మీద కూర్చున్నారు. మగవాళ్ళం వెనక నిలబడ్డాం.

"ఇవి వాహనాలు," అంది మేడం.

"సెక్రాల్లేవు సూడండమ్మా," అంది జ్ఞానసుందరి. "ఎందుకుంటన్నామో మొన్న సగమే విన్నారు. తక్కింది వినండి."

ఒక్కొక్కరే చెప్పారు. చిన్నతల్లి నీళ్ళ మాట చెబుతుంటే మేడం చేతిలో కాగితం వంక చూసుకుంది. మనసులో ఏమనుకుందో తెలియదు. కానీ ఆమె సంతకం చేసిన ఉత్తర్వు ఆమె కంటే ముందే వచ్చి అక్కడ నిలబడి ఉంది. జగన్నాధం వాచీ చూసుకుని క్రేను వైపు చెయ్యి ఊపాడు.

మొదటి కొక్కెం ఎజ్రా వ్యానుకి తగిలింది. ఎజ్రా ఆ కొక్కెం ఊడలాగబోయాడు. ఇటుకలు కదిలాయి. వ్యాను ఒక పక్కకి ఒరిగి అతని కాలి మీద పడింది.

ఆ అరుపుకి గోడ పని ఆగిపోయింది. నీలవేణి సిమెంటు తట్ట దించింది. ఆమె వెనక తట్టలన్నీ దిగాయి. నలభై మంది కూలీలు గోడ దిగి వచ్చి వ్యాను ఎత్తారు. ఎత్తి, ఎజ్రాని ఆటోలో పెట్టి పంపారు. తిరిగి పనికి పోలేదు. మిగిలిన పది వ్యాన్లకీ వీపులు ఆనించి నిలబడ్డారు.

"రేపట్నుంచి మీకు పని లేదు," అన్నాడు జగన్నాధం.

"ఇయాళే మానీసినాం," అంది నీలవేణి. "గోడ నువ్వే కట్టుకో."

క్రేన్లు వెనక్కి వెళ్ళాయి. పోలీసులు వెళ్ళలేదు. జ్ఞానసుందరినీ, నన్నూ, ఇంకో ముగ్గురినీ పోలీసు వ్యాను ఎక్కించారు. కొడుకు ఏ ఆసుపత్రిలో ఉన్నాడో కూడా ఆమెకి తెలియదు. దారిలో ఒక ఆడ కానిస్టేబులు నీళ్ళ సీసా అందించింది. జ్ఞానసుందరి తీసుకోలేదు.

"స్టేషన్లో ఆడోళ్ళకి మరుగు ఉన్నాదేటమ్మా?"

"ఉన్నాది, తాగు పెద్దమ్మా," అని ఆ పిల్ల మొహం పక్కకి తిప్పుకుంది.

జ్ఞానసుందరి సీసా ఖాళీ చేసింది.

స్టేషన్లో రైటరు అరెస్టు కాగితం నింపి సంతకం పెట్టమన్నాడు. "మేస్టారు సదివితే గాని ఎట్టను," అంది. నేను చదివాను. ప్రభుత్వ విధులకి ఆటంకం, ఉద్యోగి మీద దౌర్జన్యం. ఆ పైన ముద్దాయి వివరాలు. అక్కడ ఆగాను. మళ్ళీ గట్టిగా చదివాను.

"గుమ్మవలస గ్రామం, తూర్పు రోడ్డు పక్కన, చక్రములు లేని పసుపు వ్యానునందు స్థిర నివాసము."

"స్థిర నివాసమని రాసినారా?"

"రాశారు."

"మరి మండలాఫీసులో మనం ఊరోళ్ళం కాదన్నారు."

"అక్కడ ఇల్లివ్వాలి. ఇక్కడ జైల్లో పెట్టాలి," అన్నాను. "జైలుకి చిరునామా కావాలి."

ఆమె ఆ కాగితం రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. చదువు రాదు, సంతకం వరకే వచ్చు. ఏ వరసలో రాసి ఉందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. సంతకం పెట్టింది. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి, బయట మా కోసం కాచుకున్న శాంతికి ఆ మాట చెప్పింది.

మధ్యాహ్నం మూడు గంటలకి మమ్మల్ని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచి సబ్‌జైలుకి తరలించడానికి బయటికి తెచ్చారు. గేటు దగ్గర వరస ఉంది. ముందు అప్పలసూరి. వెనక చిన్నతల్లి. ఆ వెనక చంకన పిల్లలతో వ్యాన్ల వాళ్ళు, ఒంటి మీద సిమెంటుతో గోడ కూలీలు. వరస స్టేషను మలుపు దాటి రోడ్డు మీదికి పోయింది.

"నీ మీద కేసేం లేదు, పో," అన్నాడు ఎస్సై.

"ఉన్నాది," అన్నాడు అప్పలసూరి. "నేనూ అక్కడే నిలబడ్డాను. పేరు అప్పలసూరి. ఊరు గుమ్మవలస. రెండో వ్యాను. స్థిర నివాసం. రాసుకో బాబూ."

ఎస్సై రిజిస్టరు మూసేశాడు.

అప్పలసూరి గేటు ముందు నేల మీద చతికిలబడ్డాడు. చిన్నతల్లి అతని పక్కన కూర్చుంది. ఆ వెనక వరసంతా ఒక్కొక్కరే కూర్చుంటూ పోయారు. మా జైలు వ్యాను ముందుకు పోవడానికి దారి లేదు.