వెనక సీటు కెప్టెన్

హిల్మీకి చూపు పోయి రెండేళ్లు దాటింది. కైరో ఊరు మాత్రం అతని తలలోంచి ఒక్క వీధి కూడా పోలేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, మనసులోనే సైకిలెక్కేవాడు. మనియల్ లంకలో తమ ఇంటి గుమ్మం ముందు బయల్దేరి, వంతెన దాటి, నైలు గట్టు వెంట హెల్వాన్ దాకా ఒకరోజు, ముకత్తమ్ కొండ మీదికి ఇంకోరోజు. ఎక్కడ రైలు పట్టాలు అడ్డం వస్తాయో, ఎక్కడ కుక్కలు వెంటపడతాయో, ఏ మలుపులో గాలి మొహానికి కొడుతుందో అన్నీ తెలుసు. కొండ ఎక్కిన రోజున కుర్చీలోనే ఒళ్లంతా చెమటలు పట్టేవంటే నమ్ముతారా? పట్టేవి.

ఊరికే కాదు మరి. ఇరవై ఆరేళ్లపాటు శుక్రవారం జట్టుకి దారి చెప్పింది అతనే. వారంలో మిగతా ఆరు రోజులూ ఆ ఊళ్లో సైకిలు తొక్కడమంటే మైక్రోబస్సుల వాళ్ల చేతుల్లో ప్రాణం పెట్టడమే. శుక్రవారం సెలవు కాబట్టి ఆ పొద్దున మాత్రం ఊరంతా ముసుగుతన్ని పడుకుంటుంది. నమాజు వేళ దాకా రోడ్లన్నీ సైకిళ్లవే. గురువారం సాయంత్రం హిల్మీ ఫోన్ చేసి ఏ రోడ్డంటే ఆ రోడ్డు. వెనకాల పద్దెనిమిది మంది, ముందు అతను. అందుకే వీధి చివర కూరలమ్మే వాడితో సహా అందరూ అతన్ని కెప్టెన్ అనేవాళ్లు.

అన్ని రోడ్లూ పోయినా ఓర్చుకున్నాడు కానీ, ఒక్కదానికి మాత్రం అతని ప్రాణం కొట్టుకుపోయేది. సక్కారా వైపు వెళ్లే పాత కాలువ రోడ్డు. పొడుగునా రెండు పక్కలా నీలగిరి చెట్లు, కింద నీళ్లు, నీడ. కుర్చీలో కూర్చుని ఆ రోడ్డెక్కితే దిగబుద్ధయ్యేది కాదు. ఒక్కసారి, నిజంగా, కాళ్లతో తొక్కుకుంటూ, మొహానికి గాలి తగులుతుండగా అక్కడికి పోవాలి. అంతకుమించి అతను ఎవర్నీ ఏమీ అడగలేదు.

అడగాల్సింది భార్యనే. ఆవిడ పేరు సౌసన్. టెలిఫోన్ ఆఫీసులో పాతికేళ్లు పనిచేసి మానేసిన మనిషి, మాట ముక్కుసూటిగా ఉంటుంది. అన్ని శుక్రవారాల్లో ఒక్కనాడూ ఆమె "ఎక్కడికి?" అని అడిగి ఎరగదు. ఇతనూ చెప్పి ఎరగడు. తెల్లారకముందే లేచి, ఆమెకి నిద్రాభంగం కాకుండా తలుపు మెల్లగా వేసుకుని పోయేవాడు. అదే పెద్ద ప్రేమ అనుకునేవాడు పాపం. ఇంట్లో రోడ్ల కబుర్లు ఎవరికి కావాలి అని అతని ఉద్దేశం.

జంట సైకిలు తెచ్చింది ఫఖ్రీ. జట్టులో చేరి పదిహేనేళ్లయిన వాడు, వట్టి వాగుడుకాయ. అలెగ్జాండ్రియాలో ఎవరో అమ్ముతుంటే కొనుక్కొచ్చి, "కెప్టెన్, ముందు నేను కూర్చుని నడుపుతా, వెనక నువ్వు తొక్కు, పాదుషాలా తిప్పుకొస్తా" అన్నాడు. వాడికి చేతులు ఊపకుండా మాట్లాడటం రాదన్న సంగతి హిల్మీ మర్చిపోయాడు. మొదటి మలుపులోనే ఇద్దరూ వెళ్లి పుచ్చకాయల బండి కింద పడ్డారు. మోచేతులకి కట్లు కడుతూ సౌసన్ అంది: "ఇక చాలు. ఈ మనిషిని నేనే తిప్పుతా."

యాభై రెండేళ్లకి ఆవిడ సైకిలు నేర్చుకుంది. ఇంటి వెనక సందులో, మోకాళ్లు దోక్కుపోయేలా, నాలుగు నెలలు. వాచ్‌మన్ అబ్దున్నయీమ్‌కి రోజూ పండగే. "సౌసన్ గారూ, గోడ ఏం పాపం చేసిందమ్మా, మళ్లీ దాన్నే గుద్దారు?" అనేవాడు. చివరికి ఆవిడ ముందు, హిల్మీ వెనక కూర్చుని బయల్దేరిన రోజున, "కెప్టెన్ గారూ, ఉద్యోగంలోంచి దింపేశారా ఏంటి?" అని కేకేశాడు. హిల్మీ నవ్వేశాడు. లోపల ఎక్కడో చివుక్కుమంది.

లంక చుట్టూ తిరిగారు, నైలు గట్టున తిరిగారు. కాలువ రోడ్డు మాటెత్తితే మాత్రం ఆవిడ ససేమిరా అనేది. లారీలంటుంది, ఎండంటుంది, కుక్కలంటుంది. హిల్మీ వారం రోజులు మూతి ముడుచుకు కూర్చున్నాడు. గురువారం నాడు పప్పు గిన్నె ముందు పెట్టి, "సరే, రేపు పోదాం. ఇక ఆ మొహం మామూలుగా పెట్టు" అంది.

శుక్రవారం పొద్దున వంతెన దిగేసరికే పోట్లాట మొదలైంది.

"కాస్త తేలిగ్గా తొక్కు. వెనక నుంచి తోసి చంపేసేలా ఉన్నావు."

"వెనక కూర్చున్నవాడు తొక్కక ఇంకేం చేస్తాడు?"

"నోరు మూసుకుంటాడు. గొయ్యి! కాళ్లు ఆపు... ఆఁ, దాటాం. ఎదురుగా గాడిద బండి, కుడికి పోతున్నా."

"ఇంకో నిమిషంలో రొట్టెల కొట్టు వాసన వస్తుంది చూడు" అన్నాడు హిల్మీ ఉత్సాహంగా.

నిమిషమైంది, రెండైంది. డీజిలు పొగ తప్ప ఏ వాసనా రాలేదు. నెత్తి మీద ఎక్కడో ఎత్తున బండ్లు పోతున్న హోరు. అక్కడ పైవంతెన ఎప్పుడు కట్టారో అతనికి తెలియదు.

"మొదటి వంతెనేనా ఇది? రెండోది దాటాక ఎడమకి తిరగాలి."

"ఏ రెండోది? నాలుగు దాటాం."

హిల్మీకి తల కొట్టేసినట్టయింది. పద్దెనిమిది మందిని పొగమంచులో కూడా దారి తప్పకుండా తిప్పుకొచ్చిన మనిషి, భార్య భుజం వెనక కూర్చుని తానెక్కడున్నాడో చెప్పలేకపోతున్నాడు. అయినా పర్వాలేదనుకున్నాడు. ఊరు ఎంత మారితేనేం, కాలువ రోడ్డు కాలువ రోడ్డే కదా.

ఇంకో అరగంటకి సైకిలు ఎడమకి తిరిగింది. కింద రోడ్డు నున్నగా, చప్పుడు లేకుండా సాగుతోంది.

"వచ్చేశామా?"

"వచ్చేశాం" అంది సౌసన్. ఆ మీదట అతను అడక్కుండానే మొదలుపెట్టింది. "ఎంత చల్లగా ఉందో చూడు. రెండు వైపులా చెట్లే. ఆకులు రోడ్డు మీద రాలి ఉన్నాయి. నీళ్లలో కొంగలు నిలబడ్డాయి, నాలుగైదు."

హిల్మీ కళ్లు మూసుకున్నాడు. పాత అలవాటు. మొహం పైకెత్తాడు.

ఆ రోడ్డు మీద నీడ ముక్కలు ముక్కలుగా తగిలేది. చేతి మీద ఒక క్షణం చలవ, ఒక క్షణం వేడి, మళ్లీ చలవ. ఇప్పుడు తగలడం లేదు. ఎడమ చెయ్యి మీద ఎండ పడింది, పడినది పడినట్టే ఉంది. కదలడం లేదు. కప్పల అరుపు లేదు. తడి మట్టి వాసన లేదు. అతను పెడలు తిప్పుతూ మనసులో లెక్కపెట్టాడు. యాభై తిప్పులు, వంద, నూట యాభై. ఎండ అలాగే ఉంది.

కోపం ముంచుకొచ్చింది. గుడ్డివాడికి ఏం చెప్పినా చెల్లుతుందా అని అరవబోయాడు. కానీ ఆవిడ రొప్పుతోంది. రొప్పుతూనే కొంగల్ని లెక్కపెడుతోంది. అరవలేకపోయాడు. పోనీ చెప్పుకోనీ, వింటే పోయేదేముందనుకున్నాడు. నిజానికి వినాలనే ఉంది.

"అదిగో, అక్కడ ఒక చెట్టు నీళ్ల మీదికి బాగా వంగిపోయింది. మొదలు చుట్టూ సున్నం కొట్టారు. దాని కింద రెండు నీళ్ల కుండలు పెట్టారు ఎవరో పుణ్యాత్ములు. నీలం తాడుతో రేకు గ్లాసు కట్టారు. గ్లాసుకి చెవి ఊడిపోయింది."

హిల్మీ కాళ్లు ఆగిపోయాయి. జంట సైకిలు మీద ఒకరి కాళ్లు ఆగితే రెండోవాళ్లవీ ఆగాల్సిందే.

"ఏమైంది? చైను పడిందా?"

"ఆపు."

"ఇక్కడా? నడి ఎండలో..." అని నాలుక్కరుచుకుంది.

దిగారు. హిల్మీ ఒక చేత్తో సీటు పట్టుకుని నిలబడ్డాడు.

"చెట్లు లేవు కదా, సౌసన్?"

"లేవు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా. కాలువే లేదు హిల్మీ. పోయినేడు కప్పేసి పైన రోడ్డు పోశారు. ఫఖ్రీ ముందే చెప్పాడు. నీకు చెప్పొద్దని అందరం అనుకున్నాం. అందుకే ఇన్నాళ్లూ రానన్నా."

ఆ బాధని పక్కకి నెట్టి, అతను అసలు సంగతి అడిగాడు.

"మరి ఆ వంగిన చెట్టు సంగతి నీకెలా తెలుసు? ఆ కుండలు? నేనెప్పుడూ నీకు చెప్పలేదు. ఫఖ్రీ చెప్పడానికి వాడు చూడనే లేదు. వాడు జట్టులోకి రాకముందే ఆ కుండలు పోయాయి."

పక్కనుంచి మైక్రోబస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

"నేను చూశాను. పెళ్లయిన మూడో ఏడు. మా అక్క మొగుణ్ణి బతిమాలి, ఆయన కారులో నీ వెనకాలే వచ్చా."

"ఎందుకు?"

"ఎందుకేంటి? శుక్రవారం వస్తే చాలు, చీకట్లోనే లేచి పిల్లిలా జారుకునే మగాణ్ణి చూసి ఏ ఆడదైనా ఏమనుకుంటుంది? ఎవత్తో ఉందనుకున్నా. జుట్టు పట్టుకు ఈడుద్దామని వచ్చా. తీరా చూస్తే ఏడుగురు మీసాల వాళ్లు, ఏడు సైకిళ్లు." ఆవిడ నవ్వబోయింది, నవ్వు సగంలో తెగిపోయింది. "ఆ చెట్టు కింద కూర్చుని నారింజ కాయ వలిచి అందరికీ తలో తొనా పెడుతున్నావు. ఏదో చెప్పి పొట్ట పట్టుకుని నవ్వుతున్నావు. అలాంటి నవ్వు మనింట్లో నేను ఒక్కసారీ వినలేదు, హిల్మీ. దిగుదామనుకున్నా. ఆ నవ్వు దగ్గర కాసేపు కూర్చుందామనిపించింది. తలుపు మీద చెయ్యి కూడా వేశా."

"దిగాల్సింది."

"మీ సైకిలు ఒకటి రోడ్డుకి అడ్డంగా పడుంది. మా కారు ఆగింది. నువ్వే లేచొచ్చి దాన్ని పక్కకి జరిపావు. అద్దం దగ్గరకొచ్చి, ఇలా చెయ్యూపి, పోనీ, పోనీ అన్నావు. ఆయన పోనిచ్చేశాడు."

"నేను... నిన్ను చూశానా?"

"సూటిగా నా మొహంలోకే చూశావు. తలకి గుడ్డ కట్టుకున్నాలే. ఇంట్లో ఉండాల్సిన పెళ్లాం అక్కడ ఉంటుందని నువ్వెందుకనుకుంటావు?"

"ఏ రంగు కారు?"

"తెలుపు."

అతను జ్ఞాపకంలో వెతికాడు. ఆ చెట్టు దొరికింది, నారింజ వాసన దొరికింది, ఆ రోజుల్లో తనతో ఉన్న ఆరుగురి మొహాలూ దొరికాయి. తెల్ల కారు దొరకలేదు. అలా పోనీ పోనీ అని ఎన్ని వందల కార్లకి చెయ్యూపాడో! రోడ్డు మీద అడ్డం వచ్చిన ప్రతి గొయ్యినీ గుర్తుపెట్టుకున్న బుర్ర, దాన్ని మాత్రం దాచుకోలేదు.

"ఆ తర్వాతైనా నాతో అనొచ్చు కదా, నేనూ వస్తానని?"

"నువ్వు రమ్మంటావేమోనని చూశా."

"ఎన్నాళ్లు చూశావు?"

"నీ కళ్లు పోయేదాకా" అంది సౌసన్. తిట్టినట్టుగా అనలేదు. మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టే అంది.

హిల్మీకి ఏడుపొచ్చింది. ఎండలో, రోడ్డు పక్కన, పోయే బండ్ల వాళ్లు చూస్తున్నారో లేదో కూడా తెలియకుండా ఏడ్చాడు. ఆవిడ తన రుమాలుతో అతని మొహం గట్టిగా తుడిచి, "ఎక్కు. ఎండ ముదురుతోంది" అంది.

ఎక్కాడు. తొక్కాడు. ఆమె వీపు చెమటకి తడిసి ఉంది, చెయ్యి వేస్తే తెలిసింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఏముంది ఎదురుగా?" అన్నాడు. ఆవిడ చెప్పింది: సిమెంటు గోడ, టైర్ల కొట్టు, ఇనప కంచె, మళ్లీ గోడ. అతను ఊ కొడుతూ విన్నాడు. చెట్ల మీద బెంగ ఎటు పోయిందో పోయింది. ఇంటికి చేరేదాకా అతని మనసంతా ఆ తెల్ల కారు దగ్గరే నిలబడి ఉంది. అద్దంలోకి వంగి చూడాలనుంది. తలుపు తీసి, దిగు సౌసన్, అనాలనుంది. ఆ ఒక్క నిమిషం కోసం ఇరవై ఆరేళ్ల శుక్రవారాలూ ఇచ్చేసేవాడు.