వెనక సందు కిటికీ

స్పిరిట్ గుడ్డతో తాళాల బాబాయి కిటికీ చట్రాన్ని రుద్దుతున్నాడు. దుమ్ము ఉంటే టేపు పట్టదు. పొట్ట కిటికీ గట్టుకి ఆనుకుంది, కళ్లజోడు ముక్కు కొసకి జారింది, నోరు మాత్రం ఖాళీగా లేదు.

"ఇంత చిన్న డబ్బీ దొంగని పట్టుకుంటుందా అని చూస్తున్నావా వదినా? పట్టుకోదు. కేకలేస్తుంది. మా ఆవిడలాగే."

వదిన నవ్వలేదు. అతనెక్కిన స్టూలు కదలకుండా పట్టుకుని నిలబడింది.

సొంత వదినేం కాదు. ఆవిడ భర్త వడ్రంగి. ఆయన తలుపులు బిగిస్తే, వాటికి ఇతను తాళాలు బిగించేవాడు. సగం జీవితం ఒకే గుమ్మానికి చెరోపక్క నిలబడి గడిపేశారు. వడ్రంగి పోయి ఏడాది దాటింది. తాళాలు అడిగేవాళ్లూ తగ్గారు. అందుకే బాబాయి ఈ వయసులో కూర్చుని, తలుపు తెరిస్తే గంట మోగించే, వైర్లు లేని ఈ సెన్సర్ల పని నేర్చుకున్నాడు.

సెన్సరు పెద్ద ముక్కని చట్రానికి అతికించాడు. అయస్కాంతం ఉన్న చిన్న ముక్కని కిటికీ రెక్కకి, వేలు కూడా దూరనంత దగ్గరగా పెట్టాడు.

"ఇవి మొగుడూ పెళ్లాలు వదినా. పక్కపక్కనున్నంతసేపూ నోరెత్తవు. ఎడం వచ్చిందా, ఇల్లు దద్దరిల్లిపోతుంది."

అనేశాక నాలిక కరుచుకున్నాడు. మాట మార్చాలి కదా, "ముందు తలుపుకి పెట్టాం, చాలదా? ఈ సందు కిటికీకెందుకు?" అన్నాడు.

"వాడొచ్చేది ఇటే."

"ఎవడు?"

"ఎవడో తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? రోజూ సందెవేళ కిటికీ కొడతాడు. టక్, కాస్త ఆగి టకటక. ఆయనున్నప్పుడూ ఉండేది ఈ గోల. పిల్లలులే అనేవారు. పిల్లలు ఇన్నేళ్లూ పిల్లలుగానే ఉంటారా?" గొంతు తగ్గించింది. "ఇప్పుడు నేనే అరుస్తున్నాను. ఆయనలాగే గొంతు బొంగురు చేసుకుని, ఎవడ్రా గాడిదా అని. వాడు పారిపోతాడు. తర్వాత లేచి గడియలన్నీ మళ్లీ చూసుకుంటాను. లైటు తీయాలంటే భయం."

టేపు ముక్క బాబాయి వేలికి అంటుకుపోయింది. ఊడబీకుతూ ఉండిపోయాడు.

ఆ గాడిద తనే.

పని నుంచి ఇంటికెళ్తూ ఈ సందులో ఆగి కిటికీ కొట్టేవాడు. లోపల్నుంచి వడ్రంగి తిట్టేవాడు. సంచిలో స్క్రూడ్రైవర్లు గలగలలాడుతుంటే పరుగు. మర్నాడు పనిలో వడ్రంగి మొహం గంభీరంగా పెట్టి, "నిన్న మా కిటికీ ఎవడో గాడిద కొట్టాడోయ్" అనేవాడు. "గాడిదలకి చేతులెక్కడివి అన్నయ్యా?" అనేవాడు ఇతను. ఆ ముసలివాళ్లిద్దరికీ అదో సరదా. అన్నయ్య పోయాక ఒకరోజు చెయ్యి అలవాటుగా కిటికీ మీదకెళ్లింది. లోపల్నుంచి అదే తిట్టు వచ్చింది. వదిన ఆట అందుకుందనుకున్నాడు. ఇంట్లో ఒంటరిగా ఉందిగా, ఎవరో ఒకరు పలకరించినట్టుంటుందని రోజూ కొట్టాడు. కొట్టి, సందు చివర కళ్లు తుడుచుకుని వెళ్లిపోయేవాడు.

ఇప్పుడు చెప్పెయ్యాలి. నోరు తెరిచాడు. ఎప్పుడూ పిలవకుండానే వచ్చే మాట ఇవాళ పిలిచినా రాలేదు. మొగుడు పోయిన ఆడమనిషి కిటికీ కొట్టినవాణ్ని నేనే అని ఏ మొహంతో చెప్తాడు?

"ఇది పెట్టాక కూడా ఆ పీడ వదలకపోతే మా చెల్లెలింటికి పోతానయ్యా" అంది వదిన. "పోవాలని లేదు. ఈ తలుపులన్నీ ఆయన చేతివే."

నేను కొట్టడం మానేస్తే సరిపోయె, చెప్పడమెందుకు అనుకున్నాడు బాబాయి. గుండె తేలికపడింది. అలా తేలికపడినందుకు సిగ్గేసింది.

"ఈ గంటలు రెండూ నీ ఫోన్లో కూడా మోగేట్టు పెట్టు" అంది వదిన. " దొంగొస్తే పరిగెత్తుకొచ్చేది నువ్వేగా."

బాబాయి తల దించుకుని పెట్టాడు. కిటికీ తెరిచి చూపిస్తే డబ్బీ కెవ్వుమంది. వదిన నవ్వింది. ఆ నవ్వు చూడలేక సంచి సర్దుకున్నాడు.

మధ్యాహ్నం ఓ కొట్టు షట్టరుకి సెన్సరు పెట్టాడు, నోరు మెదపకుండా. "ఏం బాబాయ్, ఇవాళ నోటికి తాళమేసుకొచ్చావా?" అన్నాడు కొట్టతను. బాబాయి డబ్బులు తీసుకుని బయటపడ్డాడు. సాయంత్రం సందు వదిలేసి పెద్దరోడ్డు మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరాడు.

చీకటి పడ్డాక భోజనానికి కాళ్లు కడుక్కుంటుంటే ఫోను మోగింది. వదిన ఇంటి ముందు తలుపు తెరుచుకుందని చూపించింది. మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది. తడికాళ్లతోనే పరిగెత్తాడు.

వదిన గుమ్మం ముందు కారు. ఆవిడ చెల్లెలి మొగుడు డిక్కీలో పెట్టెలు పెడుతున్నాడు.

"ఇవాళ వాడు రాలేదయ్యా" అంది వదిన.

"మంచిదేగా!"

"ఏం మంచిది? ఒక్కరోజు మానని వాడు ఇవాళే మానాడంటే, నువ్వు బిగిస్తుంటే చూశాడన్నమాట. పగలు కూడా కనిపెడుతున్నాడు. ఇంక నావల్ల కాదు."

బాబాయి డిక్కీకి అడ్డంగా నిలబడ్డాడు. "వదినా, వాడు నేనే."

"ఎవరు?"

"కిటికీ కొట్టింది. అన్నయ్యున్నప్పుడూ నేనే, తర్వాతా నేనే. నీకు తెలుసనుకున్నాను. తప్పైపోయింది. వెళ్లకు."

వదిన నవ్వడం మొదలెట్టింది.

"నన్నాపడానికి ఇంత అబద్ధమా? వీడు చచ్చేటప్పుడు కూడా వేళాకోళమాడతాడని మీ అన్నయ్య ఊరికే అన్లేదు."

"ఒట్టు వదినా! ఇదిగో." కారు తలుపు మీద కొట్టాడు. టక్. ఆగి, టకటక.

"అలా కొడతాడని పొద్దున్న నేను చెప్పిందేగా!" కళ్లు తుడుచుకుంది. "తాళంచెవి నీ దగ్గరుంచు. నిన్ను తప్ప ఎవర్నీ నమ్మను."

చెల్లెలి మొగుడు కూడా నవ్వుతూనే కారు ఎక్కాడు. కారు మలుపు తిరిగింది.

తాళం పడిందో లేదో చూద్దామని వంగాడు బాబాయి. గుమ్మం పక్కన వడ్రంగి బూట్లున్నాయి. పొద్దున్న లేవు. చీకటి పడే వేళకి బయట పెట్టేది కాబోలు, ఇంట్లో మగమనిషి ఉన్నాడనుకుంటారని. నల్లగా మెరిసేట్టు పాలిష్ పట్టించి, లేసులు వదులు చేసి, ఆయన ఇప్పుడే విప్పి లోపలికెళ్లినట్టు తలుపువైపు తిప్పి ఉన్నాయి.