ఆ ఆరుగురి మౌనం

పొద్దున్నే టీ తాగుదామని శివన్న ఊరి హోటల్ దగ్గరికి వచ్చేసరికి, బల్ల మీద నలుగురైదుగురు ఒకే ఫోన్ మీదికి తలలు వంచి పడీపడీ నవ్వుతున్నారు. ఆయన్ను చూడగానే నవ్వు తెగిపోయింది. ఫోన్ జేబులోకి పోయింది.

"ఏమప్పా, అంత నగుతాండారు? నాకూ చూపియ్యండి, నేనూ నగుతా" అన్నాడు శివన్న.

"ఏం లేదులే మామా. పనికిమాలిన వీడియో" అని ఒకడు టీ గ్లాసులో మొహం దాచుకున్నాడు.

ఆలూరు పక్క పల్లెలో గొర్రెలు కాసుకుని బతికే శివన్నకు అది ఎలాంటి నవ్వో తెలియలేదు. చదువుతున్న మనకు మాత్రం బాగా తెలుసు. మన వీధిలోనూ, మన గ్రూపుల్లోనూ రోజూ వినిపించే నవ్వే అది.

అక్కడే టీ తాగుతున్న పెద్ద ఈరన్న ఆయన్ను పక్కకు పిలిచి, తన ఫోన్లో ఆ వీడియో పెట్టి ఆయన చెవికి ఆనించాడు. శివన్న కూతురు మహేశ్వరి గొంతు. ఆమె నవ్వు. మధ్యమధ్యలో ఎవడో మగవాడు అడిగే బూతు ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకూ ఆమె జవాబు ఇస్తున్నట్టే ఉంది.

"ఊరంతా పాకింది శివన్నా. నీ మంచికే చెప్తాండా, పిల్లను కాలేజీ మాన్పించు" అన్నాడు ఈరన్న.

శివన్న ఇంటికెలా చేరాడో ఆయనకే తెలియదు. ఆదోని బస్సు కోసం బయల్దేరుతున్న మహేశ్వరి భుజం మీది సంచి లాక్కుని మూలకు విసిరేశాడు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆ పిల్ల. డిగ్రీ రెండో సంవత్సరం.

"ఈ పొద్దు నుంచి నీకు కాలేజీ లేదు. ఎవనితో మాట్లాడినావే ఆ మాటలు?"

మహేశ్వరి ఫోన్ తీసింది. ఆ వీడియో ఆమెకూ చేరే ఉంది.

"మాటలు నావే నాయనా. ఆ ప్రశ్నలు నన్నెవరూ అడగలేదు. అది ఆన్‌లైన్ ఆట, మైకులో అందరికీ వినపడేటట్టు మాట్లాడుకుంటా ఆడేది. జపాన్ బొమ్మల కథ ఒకటుంటే, దాన్ని పట్టి చేసిన ఆట. ఒగడు రాక్షసుడు, ఏడుగురు మామూలు జనం. బలమంతా రాక్షసునికే. మాకు దాక్కునేదీ, పడిపోయినోళ్లను లేపేదీ, ఒగరికొగరు చెప్పుకునేదీ, అంతే. మాట్లాడుకోకుంటే అందరం చస్తాం. అందుకే మాట్లాడినా."

"ఎవరెవరు ఆడినారు?"

"మా క్లాసోళ్లమే. ఆ రోజు హనుమేష్ రాక్షసుడు. మేమందరం తప్పించుకుంటిమి. ఆడపిల్ల చేతిలో ఓడిపోయినావని వాణ్ణి అందరూ ఎగతాళి పట్టిరి. నా మాటలు రికార్డు చేసుకుని, కోసి, అతికించినాడు."

హనుమేష్ పెద్ద ఈరన్న కొడుకే.

"నీ పక్క ఆడినోళ్లు ఇంకా ఆరుగురుండారు గదా. ఇది అబద్ధమని వాళ్లకు తెల్సు గదా. ఏమన్నారు?"

"ఏమీ అనలేదు నాయనా. గ్రూపులో ఒగరు నవ్వే బొమ్మ పెట్టినారు."

ఆమె కాపాడిన ఆరుగురు! ఆటలో పడిపోతే కేకలు వేసి ఆమెను పిలిచిన నోళ్లు, ఆమె బతుకు పడిపోతుంటే మూతపడ్డాయి. ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఏముంటుంది?

అయినా శివన్న తల వంచుకున్నాడు. "నిజమే కావచ్చు పాపా. ఊరి నోరు మూయలేం గదా. కొన్నాళ్లు ఇంట్లో ఉండు."

అంతవరకూ గడపలో కూర్చుని వింటున్న శివన్న తల్లి గిడ్డమ్మ కర్ర ఊతంగా లేచింది.

"ఏమిరా శివా! చేన్లో మందలు పక్కపక్కన కట్టినప్పుడు తోడేలొస్తే ఏం చేస్తావురా?"

"అరుస్తా."

"నీ గొర్రె కాకపోతే?"

"ఎవరిదైనా అరవాల్సిందే."

"మాది కాదులే అని పండుకున్నోణ్ణి ఏం చేస్తారు?"

ఆ జవాబు శివన్నకు తెలుసు. అలాంటివాడి మంద పక్కన ఆ తర్వాత ఎవరూ మంద కట్టరు. అది తాతల నాటి కట్టుబాటు. ఎంత దగ్గరి చుట్టమైనా సరే.

"మరి ఈ పొద్దు నువ్వు చేస్తాండేదేంది? తోడేలును ఇడిసిపెట్టి గొర్రె కాళ్లు కడ్తాండావు! థూ, నువ్వొక కాపరివా!"

శివన్న మూలకు పోయి సంచి తీశాడు. దుమ్ము దులిపి కూతురి భుజానికి తానే తగిలించాడు.

హోటల్ ముందే బస్సు ఆగేది. కాలేజీ పిల్లలు నిలబడి ఉన్నారు. హనుమేష్ కూడా ఉన్నాడు. శివన్న నడిమధ్యకు పోయి నిలబడ్డాడు.

"నా కూతురి గొంతు మీ అందరి ఫోన్లలో ఉండాది. దాచుకోవద్దండప్పా, బయటికి తీయండి. ఆ ఆట ఆడినోళ్లు చెప్పండి, ఆ బూతులు ఎవనివి?"

అందరూ నేల చూశారు. చివరికి ఆ ఆరుగురిలో ఒకడు, నిస్సార్ అనే పిల్లవాడు, ముందుకొచ్చాడు.

"మామా... ఆ మాటలు నాతో అన్నవి. నేను పడిపోతే లేపేదానికొచ్చి, భయపడొద్దని నగింది. బూతులు హనుమేష్ తర్వాత కలిపినాడు."

"అప్పుడే చెప్పింటే నీ సొమ్మేం పోయేదిరా?"

"నా మీద కూడా ఇట్లాంటిదే చేస్తాడని భయపడితి మామా."

హనుమేష్ మెల్లగా వెనక్కి జరగబోయాడు. హోటల్లోంచి వచ్చిన పెద్ద ఈరన్న తన కొడుకు చెంప పగలగొట్టాడు. మరుక్షణమే తానే వచ్చి శివన్న చేతులు పట్టుకున్నాడు.

"కొట్టినా గదా, ఇంగ ఇడిసిపెట్టు. తెలీక చేసినాడు. పోలీసుల దాకా పోతే వాని బతుకు పోతుంది. మనం మనం సర్దుకుందాం."

"నా పిల్ల చదువు మాన్పించమంటివే, అప్పుడు దాని బతుకు నీకు గుర్తు రాలేదా ఈరన్నా?"

బస్సు వచ్చింది. మహేశ్వరి ఎక్కింది. "ఆలూరు పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు కాగితమిచ్చి, ఆడి నుంచి కాలేజీకి పోదువు పాపా" అంటూ శివన్న వెనకే కాలు పెట్టాడు. "సాక్ష్యం నేను చెప్తా" అని నిస్సార్ ఎక్కాడు. వాడి వెనక ఆ ఆట ఆడిన ఇంకో ఇద్దరు పిల్లలు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఎక్కారు.

హోటల్ దగ్గర ఒకరిద్దరు ఫోన్లు తీసి గబగబా ఆ వీడియో చెరిపేసుకుంటున్నారు. శివన్న బస్సు మెట్టు మీద నిలబడి వాళ్ల వైపు తిరిగాడు.

"వాడొక్కడే అప్పా. ఒక్కనికి ఏం బలముండాది? విని నగినోళ్లు, ఇంకొకరికి పంపినోళ్లు, నిజం తెల్సీ నోరు మూసుకున్నోళ్లు... వాని బలమంతా మనమిచ్చిందే!"